వాన నీటి డ్రమ్ములో చేపపిల్ల: దోమల నివారణకు ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ చేటు చేస్తుంది

సంక్షిప్తంగా: పెరట్లో, మిద్దె మీద మొక్కల కోసం పట్టి ఉంచిన వాన నీటిలో గప్పీ వంటి చిన్న చేపలు దోమ లార్వాలను సమర్థంగా తినేస్తాయి. అయితే ఆ నీటికి చెరువుతోనో కాలువతోనో సంబంధం ఉండకూడదు. ఏటా వర్షాకాలంలో గంబూసియా చేపలను చెరువుల్లోకి వదిలే పద్ధతి డెంగీని తగ్గించే అవకాశం చాలా తక్కువ, ఎందుకంటే డెంగీ దోమ చెరువులో పెరగదు. పైగా స్థానిక చేపలకు, కప్పలకు దానివల్ల జరిగే నష్టం తిరిగి పూడ్చలేనిది.

వానలు మొదలైన కొద్ది రోజులకే మున్సిపల్ సిబ్బంది, ఆరోగ్య శాఖ అధికారులు పాలిథిన్ సంచుల్లో తెచ్చిన గంబూసియా చేపపిల్లలను చెరువుల్లోకి వదులుతున్న ఫొటోలు పత్రికల్లో కనిపిస్తాయి. తెలుగు రాష్ట్రాల్లో ఇది చాలా ఏళ్లుగా సాగుతున్న ఆనవాయితీ. మరోవైపు, ఇదే చేప స్థానిక జలచరాలను తుడిచిపెడుతోందంటూ దాఖలైన ఫిర్యాదుపై 2025 ఆరంభంలో జాతీయ హరిత ట్రిబ్యునల్ కేంద్రాన్ని వివరణ కోరింది. ఆ ఫిర్యాదులో గంబూసియాను వాడుతున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ పేరు కూడా ఉంది. ఈ రెండు వార్తలనూ చదివిన మిద్దెతోట యజమానికి సహజంగానే ఒక సందేహం కలుగుతుంది. మొక్కలకు పోయడానికి డ్రమ్ములో పట్టుకున్న వాన నీటిలో దోమలు పెరగకుండా నాలుగు చేపలు వేసుకోవడం మంచిదా, కాదా?

దీనికి ఒక్క మాటలో జవాబు లేదు. చేపను పట్టించుకునే ముందు ఆ నీరు ఎలాంటిదో, నిండి పొర్లితే ఎక్కడికి పోతుందో చూడాలి.

నీటిమట్టం తగ్గడం, పెరగడం: ఈడిస్‌కు అనుకూలమైన ఏర్పాటు

డెంగీ, చికున్‌గున్యా వ్యాధులను వ్యాప్తి చేసే ఈడిస్ ఈజిప్టై దోమ గుడ్లు పెట్టే తీరు తెలిస్తే వాన నీటి డ్రమ్ము దానికి ఎందుకంత నచ్చుతుందో అర్థమవుతుంది. ఈ దోమ నీటి మీద గుడ్లు పెట్టదు. నీటిమట్టానికి కాస్త పైన, తడిగా ఉన్న పాత్ర గోడకు ఒక్కొక్కటిగా అంటిస్తుంది. నల్లగా, మసి రేణువుల్లా ఉండే ఆ గుడ్లు ఎండిపోయినా చావవు, నెలల తరబడి అలాగే ఉండి తిరిగి నీరు తగిలినప్పుడు పొదుగుతాయి. ఒక ఆడ దోమ ఒక విడతలో సుమారు వంద గుడ్లు పెడుతుంది. వాటినీ ఒకేచోట పెట్టకుండా, దగ్గరలో ఉన్న మూడు నాలుగు పాత్రలకు పంచుతుంది.

మొక్కలకు రోజూ నాలుగు బకెట్లు తీస్తుంటే డ్రమ్ములో మట్టం అంగుళం అంగుళంగా దిగుతుంది. దిగిన ప్రతిసారీ గోడ మీద కొత్తగా ఒక తడి చార తేలుతుంది, అక్కడ గుడ్లు పడతాయి. వారం తిరిగేసరికి ఒక జల్లు కురిసి డ్రమ్ము నిండుతుంది. అప్పటివరకూ గోడకు అంటుకుని ఉన్న గుడ్లన్నీ ఒక్కసారిగా మునిగి, గంటల వ్యవధిలోనే పొదగడం మొదలవుతుంది. ఎప్పుడూ నిండుగా ఉండే బావిలో గానీ, ఎప్పుడూ ఖాళీగా ఉండే తొట్టిలో గానీ ఇలా జరగదు. నీరు వాడుకోవడం, మళ్లీ వానకు నిండడం అనే చక్రమే ఇక్కడ దోమకు కలిసివస్తోంది.

వేసవి, వర్షాకాలపు వెచ్చదనంలో గుడ్డు పొదిగిన వారం, పది రోజుల్లో రెక్కల దోమ బయటకు వస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో ప్రతి శుక్రవారం డ్రై డే పాటించమని ప్రచారం చేయడానికి కారణం ఈ లెక్కే. వారానికోసారి నీరు పారబోస్తే లార్వా దోమగా మారకముందే ఎండిపోతుంది. పాత్రలు కడిగే ఇళ్లకు ఇది చక్కని నియమమే గానీ, వాన నీటిని కష్టపడి పట్టుకున్న తోటకు వారానికోసారి డ్రమ్ము కుమ్మరించమని చెప్పడం అసలు ఉద్దేశాన్నే దెబ్బతీస్తుంది. కుమ్మరించినా కొబ్బరి పీచుతో గోడలు గట్టిగా రుద్దకపోతే అంటుకున్న గుడ్లు అక్కడే ఉండి, మళ్లీ నీరు పట్టగానే పొదుగుతాయి. చిన్న చేప అవసరం ఏర్పడేది ఈ చిక్కులోనే.

చేప చేసే పని

సాయంత్రం పూట టార్చి లైటు వేసి డ్రమ్ములోకి కాసేపు కదలకుండా చూస్తే పరిస్థితి తెలుస్తుంది. ఈడిస్, క్యూలెక్స్ లార్వాలు తోక చివరనున్న సన్నని గొట్టాన్ని నీటి పైపొరకు ఆనించి, తల కిందికి వేలాడేసి ఊపిరి పీలుస్తూ ఉంటాయి. మలేరియాను మోసే అనాఫిలిస్ లార్వాకు ఆ గొట్టం లేదు. అది నీటి పైపొరకు సమాంతరంగా, పడుకున్నట్టు తేలుతుంది. నీడ పడగానే ఇవన్నీ మెలికలు తిరుగుతూ అడుగుకు దిగుతాయి. అయినా నిమిషాల్లో మళ్లీ గాలి కోసం పైకి రాక తప్పదు. గప్పీ, గంబూసియా రెండింటికీ నోరు పైకి తిరిగి ఉంటుంది, అవి ఎక్కువ సమయం నీటి పైపొర కిందనే తిరుగుతాయి. లార్వా ఊపిరి కోసం వచ్చే చోటు, చేప మేత వెతికే చోటు ఒకటే కావడం వల్లనే ఈ పద్ధతి పనిచేస్తోంది.

పూర్తిగా ఎదిగిన గంబూసియా రోజుకు 100 నుంచి 300 లార్వాలను తింటుందని, గప్పీ 80 నుంచి 100 వరకూ తింటుందని మన దేశపు మలేరియా నివారణ సాహిత్యంలో తరచూ కనిపిస్తుంది. ఆకలిగా ఉన్న చేపకు గాజు తొట్టిలో లార్వాలు మాత్రమే వేసి తీసిన లెక్కలుగానే వీటిని చూడాలి. పాకుడు, నీటి మొక్కలు, ఇతర సూక్ష్మజీవులు ఉన్న డ్రమ్ములో చేప అంత తినదు. తినాల్సిన అవసరం కూడా లేదు. ఒక దోమ పెట్టే వంద గుడ్లు నాలుగు పాత్రలకు పంచుకుంటే ఒక్కో డ్రమ్ముకు వచ్చేవి కొన్ని పదులే. అందువల్ల ఇక్కడ సంఖ్య కన్నా నిరంతరత ముఖ్యం. మట్టం పెరిగి గుడ్లు పొదిగిన ప్రతిసారీ డ్రమ్ములో బతికున్న చేప ఉండాలి. రెండు వారాల క్రితం చచ్చిపోయిన చేప మీద భరోసా పెట్టుకుని మూత తీసి ఉంచడం, అసలు చేప వేయకపోవడం కన్నా ప్రమాదకరం.

మందులతో పోల్చినప్పుడు చేపకు మరో సౌలభ్యం ఉంది. బీటీఐ అనే బ్యాక్టీరియా మందును లార్వా మింగితేనే చస్తుంది. లార్వా తర్వాతి దశ అయిన ప్యూపా ఏమీ తినదు కాబట్టి దాని మీద ఆ మందు పనిచేయదు. రేపో మాపో దోమగా ఎగరబోయే ఆ ప్యూపాను కూడా చేప తినేస్తుంది.

గంబూసియా, గప్పీ, మన పరిగెలు

గంబూసియా పుట్టినిల్లు అమెరికా దక్షిణ ప్రాంతం, మెక్సికో. 1928లో ఇటలీ మీదుగా మన దేశానికి తెచ్చారు. గప్పీ దక్షిణ అమెరికా ఉత్తర తీరానిది, అది అంతకుముందే వచ్చింది. రెండూ గుడ్లు పెట్టవు, నెలకోసారి అటూఇటూగా నేరుగా పిల్లలను కంటాయి. సంతతి త్వరగా పెరగడానికి, హేచరీల్లో పెంచడం సులువు కావడానికి అదే కారణం. గంబూసియా చలినీ, కొంత ఉప్పదనాన్నీ తట్టుకుంటుంది. గప్పీ మురికి నీటిని బాగా తట్టుకుంటుంది గానీ చలికి తట్టుకోలేదు. ఆదిలాబాద్ వైపు శీతకాలంలో రాత్రి ఉష్ణోగ్రత ఒంటి అంకెకు పడినప్పుడు, ఆరుబయట ఉన్న చిన్న తొట్టిలోని గప్పీలు మందగించి చచ్చిపోవచ్చు. కోస్తాలో ఆ ఇబ్బంది తక్కువ.

స్వభావంలో తేడా ఇంకా ముఖ్యమైనది. గంబూసియా దూకుడు చేప. తోటి చేపల రెక్కలు కొరుకుతుంది, వాటి గుడ్లు, పిల్లలు, కప్ప పిల్లలు ఏవి దొరికినా తింటుంది. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 చొరబాటు జీవుల జాబితాలో దాని పేరుంది. మన జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ కూడా దాన్ని చొరబాటు జాతిగా గుర్తించింది. గప్పీ అంత దూకుడుది కాకపోయినా అదీ పరాయి చేపే, మురుగు కాలువల్లో స్థిరపడి సంతతి పెంచుకునే సామర్థ్యం దానికీ ఉంది.

మన వాగుల్లో, వరి మడుల్లో, కుంటల్లో ఇదే పని చేసే చేపలు ఎప్పటి నుంచో ఉన్నాయి. తల మీద వెండి చుక్కతో నీటి పైపొరకు అతుక్కున్నట్టు తిరిగే పాంచాక్స్, చారల జీబ్రా చేప, రాస్‌బోరా, జనం కలిపి పరిగెలని పిలిచే మరెన్నో చిన్న చేపలు లార్వాలను తింటాయి. తోట డ్రమ్ములకు ఇవే వాడాలన్నది పర్యావరణ కోణంలో సరైన వాదన. ఆచరణలో మాత్రం రెండు అడ్డంకులున్నాయి. ఇవి గుడ్లు పెట్టే చేపలు కాబట్టి చిన్న పాత్రలో తమంతట తాము పెరగడం కష్టం. పాంచాక్స్ అయితే మూత లేని తొట్టిలోంచి ఎగిరి బయట పడిపోతుంది కూడా. రెండోది, గంబూసియాకు ఉన్నట్టుగా పెంచి ఇచ్చే ప్రభుత్వ హేచరీ వ్యవస్థ వీటికి లేదు. జిల్లాకో చిన్న హేచరీలో స్థానిక జాతులను పెంచి పంపిణీ చేయడం అసాధ్యమైన పని కాదు. గంబూసియాకు పెడుతున్న శ్రమనే అటు మళ్లిస్తే సరిపోతుంది.

రుజువులు ఏం చెబుతున్నాయి

చేపల గురించిన ప్రచారానికీ, శాస్త్రీయ రుజువులకూ మధ్య దూరం ఉంది. ఆ దూరం ఎక్కడెక్కడ ఎంతుందో చూడటం అవసరం.

కంబోడియా పల్లెల్లో ఇళ్ల ముందు వాన నీరు పట్టుకునే పెద్ద సిమెంటు జాడీలుంటాయి. అక్కడ డెంగీ ప్రధానంగా ఆ జాడీల నుంచే వస్తుంది. 2006-07లో కాంపాంగ్ స్పూ రాష్ట్రంలోని కొన్ని గ్రామాల్లో వలంటీర్లు ఇంటింటికీ గప్పీలను పంచి, అవి బతికున్నాయో లేదో నెలనెలా చూశారు. ఏడాది తర్వాత సగానికి కొంచెం ఎక్కువ పాత్రల్లోనే చేపలు మిగిలాయి. అయినా చేపలు పంచని గ్రామాలతో పోలిస్తే ఈడిస్ లార్వాలున్న పాత్రలు 79 శాతం తక్కువగా నమోదయ్యాయి. చేప వేయడానికి వీలులేని చిన్న పాత్రల్లో కూడా లార్వాలు దాదాపు సగానికి తగ్గాయి. ప్రధాన నిల్వల నుంచి వచ్చే దోమలు తగ్గినప్పుడు చుట్టుపక్కల పాత్రల్లో గుడ్లు పెట్టేవి కూడా తగ్గుతాయని దీన్నిబట్టి భావించవచ్చు. మిద్దెతోట డ్రమ్ముకు అతి దగ్గరి పోలిక ఇదే.

మన పొరుగున కర్ణాటకలో, కోలారు, హాసన్ జిల్లాల గ్రామాల్లో 1990ల నుంచి మలేరియా పరిశోధకులు బావుల్లో గప్పీలను, కుంటల్లో గంబూసియాను వదిలి గమనించారు. అక్కడ మలేరియాను వ్యాప్తి చేస్తున్న అనాఫిలిస్ దోమకు బావులే ప్రధాన స్థావరాలు. బావుల్లో లార్వాలు తగ్గాయి, ఆ గ్రామాల్లో మలేరియా కేసులు కూడా బాగా తగ్గాయి. దోమ ఎక్కడ పెరుగుతోందో ముందు తేల్చుకుని, సరిగ్గా అక్కడే చేప వేయడం ఆ ప్రయత్నంలోని బలం.

వీటికి భిన్నంగా, ప్రపంచవ్యాప్త అధ్యయనాలన్నింటినీ కూడగట్టి కాక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధన సంస్థ 2017లో వెలువరించిన సమీక్ష చాలా ఆచితూచి మాట్లాడింది. కొన్ని చోట్ల చేపలు లార్వాలను తగ్గించవచ్చు, అయితే మనుషులకు మలేరియా రావడం తగ్గుతుందని నమ్మకంగా చెప్పగలిగిన అధ్యయనం ఒక్కటీ దొరకలేదన్నది దాని సారాంశం. చేప పనికిరాదని ఆ సమీక్ష తేల్చలేదు. మనుషులకు కలిగే ఫలితాన్ని కొలిచిన నమ్మదగిన అధ్యయనాలు చాలవని తేల్చింది. తెలుగు రాష్ట్రాల్లో ఏటా జరిగే చేపల విడుదలకు కూడా ఈ విమర్శ వర్తిస్తుంది. ఎన్ని లక్షల పిల్లలు వదిలారో ప్రకటిస్తారు గానీ, ఆ తర్వాత ఆ నీటిలో లార్వాలు తగ్గాయా, స్థానిక చేపలు ఏమయ్యాయన్న లెక్క ప్రజల ముందుకు అరుదుగా వస్తుంది.

చెరువులో వేస్తే డెంగీ ఎందుకు తగ్గదు

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో డెంగీ కేసులు పెరిగినప్పుడు చెరువుల్లో గంబూసియా వదిలారన్న వార్త ఊరటనిస్తుంది. అయితే దోమల జీవశాస్త్రం ఆ ఊరటను సమర్థించదు. ఈడిస్ ఈజిప్టై మనిషి ఇంటి చుట్టూ ఉండే చిన్న, కాస్త శుభ్రమైన నీటి పాత్రల్లో పెరుగుతుంది. డ్రమ్ములు, కూలర్లు, ఫ్రిజ్ వెనక ట్రేలు, పాత టైర్లు, కొబ్బరి చిప్పలు, పూలకుండీ కింది పళ్లేలు దాని స్థావరాలు. అది పుట్టిన చోటు నుంచి సాధారణంగా కొన్ని వందల మీటర్లకు మించి ఎగరదు. చెరువులో, మురుగు కుంటలో పెరిగేవి వేరే దోమలు. బోదకాలును మోసే క్యూలెక్స్, గుర్రపుడెక్క వేళ్లను పట్టుకుని పెరిగే మాన్సోనియా, కొన్ని రకాల అనాఫిలిస్ ఆ కోవలోనివి. నగర మలేరియాకు కారణమైన అనాఫిలిస్ స్టీఫెన్సై కూడా ఇళ్ల మీది ట్యాంకులు, బావులనే ఇష్టపడుతుంది.

గుర్రపుడెక్క కమ్ముకున్న చెరువులో చేప వదిలినా దట్టమైన వేళ్ల మధ్యకు అది చేరలేదు. ఆ మొక్కను తొలగించకుండా చేపలు పోయడం వృథా ప్రయాసే. మురుగు మరీ ఎక్కువై ప్రాణవాయువు అడుగంటిన కుంటలో గంబూసియా కూడా బతకదు. ఏ కాస్త బాగున్న చెరువులోనో అది చక్కగా బతుకుతుంది. అంటే స్థానిక చేపలు, తూనీగ పిల్లలు, నీటి నల్లులు ఇంకా మిగిలి ఉండి, దోమలను తామే కొంతవరకూ అదుపులో ఉంచుతున్న చెరువులో అన్నమాట. అక్కడికి గంబూసియా చేరితే ఆ సహజ శత్రువుల పిల్లలనే తింటుంది. నీటిలోని సూక్ష్మ జంతువులను కూడా తినేయడంతో, వాటికి మేతైన ఆకుపచ్చ పాకుడు అదుపు తప్పి పెరిగి నీటి నాణ్యత దెబ్బతింటుందని ప్రయోగాల్లో తేలింది.

ఆస్ట్రేలియా అనుభవం ఈ విషయంలో బాగా నమోదైంది. 1925లో అక్కడికి తెచ్చిన గంబూసియా దేశమంతటా వ్యాపించింది. క్వీన్స్‌లాండ్‌లోని ఎడ్జ్‌బాస్టన్ ఊటల్లో తప్ప మరెక్కడా లేని ఒక ఎర్ర రెక్కల చిన్న చేప ఇప్పుడు ఆ గంబూసియా వల్లనే అంతరించే దశకు చేరింది. వాన నీటి ట్యాంకులు ఇంటింటా ఉండే ఆ రాష్ట్రంలో దోమల కోసం చట్టం నమ్ముకున్నది చేపను కాదు, ట్యాంకు నోటికి 1 మిల్లీమీటరుకు మించని రంధ్రాలున్న లోహపు జాలీని. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 1982 నాటికే గంబూసియాను సిఫార్సు చేయడం మానుకుంది. ఇంత జరిగిన తర్వాత కూడా మన చెరువుల్లో దాన్ని కొత్తగా వదలడానికి సమర్థన కనిపించదు.

తోట నీటిలో చేప బతకాలంటే

డ్రమ్ములో చేప పనిచేయకపోవడానికి అత్యంత సాధారణ కారణం అది చచ్చిపోవడం. మిద్దె మీద అది చచ్చిపోయే దారులు చాలానే ఉన్నాయి.

మొదటిది ఎండ. నల్లటి లేదా నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము మే నెల మధ్యాహ్నం నేరుగా ఎండలో ఉంటే, అందులోనూ నీరు సగానికి తగ్గి ఉంటే, గప్పీ భరించలేని వేడికి నీరు చేరుతుంది. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు కూడా తక్కువగా కరుగుతుంది. డ్రమ్మును గోడ నీడలోనో పందిరి కిందనో పెట్టడం, మొక్కలకు తీసేటప్పుడు కనీసం మూడో వంతు నీరు మిగల్చడం ఈ ఇబ్బందిని చాలావరకూ తీరుస్తాయి. అలాగని చీకటి సంపులో వేస్తే ప్రయోజనం లేదు. ఈ చేపలు కంటితో చూసి వేటాడతాయి, వెలుతురు లేని చోట వాటి పని మందగిస్తుంది. పైగా మోటారు వేసినప్పుడు పైపులోకి పోతాయి.

రెండోది తొలకరి నీరు. నెలల తరబడి మిద్దె మీద పేరుకున్న దుమ్ము, ఆకులు, పక్షుల రెట్టలు మొదటి వానకు కొట్టుకొచ్చి డ్రమ్ములో పడితే అవి కుళ్లి నీటిలోని ప్రాణవాయువును పీల్చేస్తాయి. మర్నాడు ఉదయానికి చేపలు నీటి పైన నోళ్లు తెరుచుకుని ఉంటాయి. మొదటి వాన నీటిని పక్కకు వదిలి, తర్వాతి నీటినే పట్టుకోవడం మొక్కలకూ మంచిదే, చేపలకూ మంచిదే. కొత్తగా కట్టిన సిమెంటు తొట్టిది మరో సమస్య. మెత్తని వాన నీటిలోకి సున్నపు గుణం దిగి క్షారత పెరుగుతుంది. రెండు మూడు సార్లు నీరు నింపి, కొన్ని రోజులు ఉంచి, పారబోశాకే చేప వేయాలి. మున్సిపాలిటీ నల్లా నీరు కలిపేటట్లయితే దాన్ని ఒక రోజు బకెట్లలో తెరిచి ఉంచితే క్లోరిన్ పోతుంది.

మేత గురించి అపోహ ఒకటుంది. డ్రమ్ములోని చేపకు రోజూ పొడి మేత వేసేవారున్నారు. కడుపు నిండిన చేప లార్వాల వెంట పడదు, మిగిలిన మేత నీటిని చెడగొడుతుంది. లార్వాలు లేనప్పుడు కూడా పాకుడు, సూక్ష్మజీవుల మీద గప్పీ బతికేస్తుంది. 200 లీటర్ల డ్రమ్ముకు నాలుగైదు చేపలు సరిపోతాయి. అక్వేరియం దుకాణాల్లో దొరికే పొడవాటి తోకల రంగురంగుల గప్పీలు అందం కోసం పెంచినవి, ఆరుబయట తట్టుకునే శక్తి వాటికి తక్కువ. పొట్టి తోకల సాదా రకమే మేలు. వేపనూనె, సబ్బు ద్రావణం వంటివి మొక్కలకు కొట్టేటప్పుడు డ్రమ్ముకు మూత వేయాలి. ఆయిల్ బాల్స్ (నూనెలో నానబెట్టిన రంపపు పొట్టు ఉండలు), కిరోసిన్, వాడేసిన ఇంజన్ ఆయిల్ వంటివి ఈ నీటిలో వేయనే కూడదు. నూనె పొర లార్వాతో పాటు చేపనూ చంపుతుంది, ఆ నీరు మొక్కలకూ పనికిరాదు.

చేపలున్న నీరు మొక్కలకు నిరభ్యంతరంగా వాడవచ్చు, చేపల విసర్జనలోని నత్రజని వాటికి ఎరువే. తాగడానికి, వంటకు మాత్రం ఆ నీరు వాడకూడదు.

పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి వారానికోసారి తెల్ల ప్లాస్టిక్ గిన్నెతో నీటి పైభాగాన్ని మెల్లగా ముంచి చూస్తే చాలు. తెల్లని అడుగు మీద లార్వాలు స్పష్టంగా కనిపిస్తాయి. అప్పుడే పొదిగిన నూలుపోగంత లార్వాలు ఒకటి రెండు ఉంటే ఫర్వాలేదు, చేప వాటిని తినేలోపు కళ్లబడ్డాయన్నమాట. బాగా ఎదిగిన లార్వాలు, కామా ఆకారంలో దొర్లుతూ తిరిగే ప్యూపాలు కనిపిస్తే మాత్రం చేప లేదని, లేదా పనిచేయడం లేదని అర్థం.

పొర్లి పోయే నీరు

ఇన్ని జాగ్రత్తల్లో సాధారణంగా ఎవరికీ తట్టనిది డ్రమ్ము నిండి పొర్లే చోటు. జూలైలో ఒక రాత్రి కురిసే భారీ వర్షానికి 200 లీటర్ల డ్రమ్ము నిమిషాల్లో నిండి పొర్లుతుంది. గప్పీ నీటి పైపొరలో తిరిగే చేప కాబట్టి పొర్లే నీటితో ముందు బయటకు పోయేది అదే. అక్కడి నుంచి మిద్దె గొట్టం, వీధి కాలువ, నాలా మీదుగా చెరువుకు దారి ఉంది. ఆడ గప్పీ ఒక్కసారి జతకట్టిన తర్వాత మగ చేప కణాలను నెలల తరబడి కడుపులో దాచుకుని, మళ్లీ జతకట్టకుండానే విడతలు విడతలుగా పిల్లలను కనగలదు. అందువల్ల కొట్టుకుపోయేది ఒక్క ఆడ చేపే అయినా కొత్త చోట సంతతి మొదలవుతుంది.

దీనికి రెండు పరిష్కారాలున్నాయి. పొర్లే గొట్టానికి సన్నని జాలీ బిగించడం ఒకటి. అది చేపను లోపల ఆపుతుంది, గొట్టం గుండా దోమ లోపలికి రాకుండా కూడా చూస్తుంది. రెండోది మగ గప్పీలను మాత్రమే వేయడం. మగవి చిన్నవి, రంగులు ఎక్కువ, కాబట్టి గుర్తుపట్టడం తేలిక. అవి ఆడవాటి కన్నా తక్కువ తింటాయి, సంతతి పెరగదు కాబట్టి చచ్చినప్పుడల్లా కొత్తవి తెచ్చుకోవాలి. ఈ అసౌకర్యాన్ని భరించడం న్యాయమే. డ్రమ్ములో దోమల నివారణకు నాలుగు మగ చేపలు చాలు, చెరువుకు జరిగే నష్టానికి మాత్రం తర్వాత మందు లేదు. చెరువు, కాలువ, వాగు పక్కనే ఉన్న తోటల్లో, వరదకు మునిగే లోతట్టు ఇళ్లలో పరాయి చేప అసలు వద్దు. అలాంటి చోట పరిగెలో, లేకపోతే జాలీయో మేలు.

చేప చోటు కానివి

తోటలో చేపతో పని లేని నీళ్లు చాలా ఉన్నాయి. ఇంకుడు గుంత అందులో మొదటిది. సరిగ్గా కట్టిన గుంతలో నీరు రెండు మూడు రోజుల్లోపే ఇంకిపోవాలి, అప్పుడు దోమ పెరగడానికి వ్యవధే ఉండదు. వారం రోజులు నీరు నిలుస్తోందంటే ఒండ్రు పేరుకుని గుంత పూడిపోయిందని అర్థం. అక్కడ కావలసింది చేప కాదు, పూడిక తీయడం. పూలకుండీ కింద పళ్లెంలో నిలిచే నీటికి ఇసుక నింపడం సులువైన మందు. డ్రమ్ము మూత గుంటపడి ఉంటే దాని మీద నిలిచే గ్లాసెడు నీరు కూడా ఈడిస్‌కు చాలు. లోపల నాలుగు చేపలు తిరుగుతుండగా పైన మూత మీద లార్వాలు పెరిగే వింత పరిస్థితి చాలా మిద్దెల మీద ఉంటుంది.

మూత గట్టిగా పట్టే డ్రమ్ముకు, నోటికి సన్నని నైలాన్ తెర బిగించి కట్టగలిగిన తొట్టికి చేప అవసరం లేదు. దోమ గుడ్డు పెట్టకుండానే ఆపడం అన్నింటికన్నా మెరుగైన పద్ధతి. రోజూ బకెట్ ముంచాల్సి రావడం వల్ల తెర నిలవని చోట, తామర, కలువ కుండీల వంటి మూయడానికి వీల్లేని చోట చేప తన విలువ చూపుతుంది. వానాకాలం నడిమధ్యలో చేపలు చచ్చిపోయి, కొత్తవి దొరికేదాకా వ్యవధి పడితే ఆ కొద్ది వారాలకు బీటీఐ వాడవచ్చు. అది చేపలకు, మొక్కలకు హాని చేయదు. దాని ప్రభావం కొద్ది రోజుల నుంచి కొద్ది వారాల వరకే ఉంటుంది కాబట్టి తిరిగి వేస్తూ ఉండాలి.

వేసవి ముదిరి డ్రమ్ము అడుగుకు చేరినప్పుడు మిగిలిన చేపలను ఏం చేయాలన్నది మరో ప్రశ్న. చాలామంది దయతో వాటిని దగ్గరి చెరువులోనో కాలువలోనో వదులుతారు. చేయకూడని పని అదే. మరో తోటవారికి ఇవ్వాలి, లేదా నీడలో ఒక చిన్న తొట్టి ఉంచి నాలుగింటిని తొలకరి దాకా కాపాడుకోవాలి. ఖాళీ అయిన డ్రమ్మును బోర్లించే ముందు లోపలి గోడలను, ముఖ్యంగా పాత నీటి చారలున్న భాగాన్ని, పీచుతో గట్టిగా రుద్ది కడగాలి. ఆ చారల వెంట అంటుకుని ఉన్న గుడ్లు జూన్ వాన కోసం కాచుకుని ఉంటాయి.